అంచు మీద పేరు

సావనీరుకు ఏదైనా వ్రాసి ఇమ్మని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, "నేను సైన్సు వాణ్ణి, కథలూ కవిత్వాలూ నాకు చేతకావు" అని తప్పించుకోబోయాను. "కథ వద్దులేవోయ్, జరిగిందే వ్రాయి" అన్నారు. సరే, జరిగిందే వ్రాస్తున్నాను. ఇది తేలడానికి నాకు రెండు వేసవి సెలవులు పట్టాయి. మొదటి సెలవులు మా ఇంటి పనికి కాదు. స్కాట్లండులో పుట్టి, కెనడాకు వలసపోయి, ఫ్రాన్సు, బెల్జియం బురదల్లో గుర్రాలు తోలిన ఒక పాలేరు సంగతి తెలుసుకోవడానికి ఖర్చయ్యాయి. రెండో సెలవులు మా ముత్తాత కోసం.

మా అక్క పెళ్ళయి కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని హామిల్టన్‌లో ఉంటోంది. వాళ్ళు అద్దెకున్న ఇంటావిడ ఎనభై దాటిన పెద్దావిడ, ఒంటరి మనిషి. అక్క ఆవిడను మామ్మగారనే పిలుస్తుంది. కిందటేడు మే నెలలో ఒకరోజు అక్క ఫోను చేసి, "ఒరేయ్ తమ్ముడూ, మా మామ్మగారికి ఒక పని చేసి పెట్టాలిరా. నీకు సెలవులేగా" అంది. ఆవిడకు చూపు తగ్గి కంప్యూటరు ముందు కూర్చోలేదు. అక్కకేమో ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు. నాకేమో పొలం పని లేని రోజులు. ఆ విధంగా పని నా నెత్తిన పడింది.

పని ఏమిటంటే, ఆవిడ తాతగారు మొదటి ప్రపంచయుద్ధంలో ఏం చేశారో వెతకడం. ఆయన 1911లో, పద్దెనిమిదో ఏట, స్కాట్లండు నుంచి ఓడెక్కి కెనడా వచ్చారు. 1915లో అక్కడి సైన్యంలో చేరి యుద్ధానికి వెళ్ళి, క్షేమంగా తిరిగి వచ్చి, ముసలివారై పోయారు. ఆయన గురించి వాళ్ళింట్లో రెండు కథలు చెప్పుకుంటారు. ఒకటి, వాళ్ళది ఒకప్పుడు కోటా భూములూ ఉండి చితికిపోయిన గొప్ప వంశమని. రెండు, విమీ మిట్ట మీద జరిగిన దాడిలో ఆయన తుపాకీ పట్టి ముందు వరుసలో పరుగెత్తారని.

విమీ అంటే ఫ్రాన్సులో ఒక మిట్ట. 1917 ఏప్రిల్ 9 నుంచి 12 దాకా కెనడా సైన్యపు నాలుగు డివిజన్లూ మొదటిసారి కలిసి పోరాడి దాన్ని పట్టుకున్నాయి. 3,598 మంది చనిపోయారు. కెనడాలో ఆ పేరు తెలియని ఇల్లుండదు. "నేను పోయేలోగా ఈ రెండు సంగతులూ కాగితం మీద పెట్టి మనవల చేతికివ్వాలి" అన్నది మామ్మగారి కోరిక.

ఆవిడ దగ్గరున్న ఆధారమల్లా ఒక వెండి పతకం. అక్క దాన్ని ఫోనులో చూపించింది. మొదటి యుద్ధంలో పనిచేసిన బ్రిటిషు సామ్రాజ్యపు సైనికులకు ఇచ్చిన ఆ పతకాల అంచు మీద, సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం చిన్న చిన్న అక్షరాల్లో గుద్ది ఇచ్చేవారట. భూతద్దం పెట్టి అక్క చదివింది. నంబరు, తరువాత డి.వి.ఆర్. అనే మూడక్షరాలు, తరువాత పేరు, చివర సి.ఎఫ్.ఏ. అని ఉంది. "డాక్టరేమోరా" అంది అక్క. కాదు. డ్రైవర్, కెనడా ఫీల్డు ఆర్టిలరీ. అంటే ఫిరంగి దళం. ఆహా, లారీ తోలేవాడన్నమాట అనుకున్నాను నేను. అదీ కాదు. ఆ రోజుల్లో ఫిరంగి దళంలో డ్రైవరంటే గుర్రాలు తోలేవాడు.

ఒక్కో ఫిరంగికి ఆరు గుర్రాలు, మూడు జతలుగా కట్టేవారు. జతకొక డ్రైవరు. అతను ఎడమవైపు గుర్రం మీద కూర్చొని రెంటినీ నడిపేవాడు. ఈ సంగతి భోజనాల దగ్గర చెబితే మా తాతయ్య తలెత్తి, "అంటే దాపటి గుర్రం మీద కూర్చొని వలపటిదాన్ని కూడా తోలతాడన్నమాట" అన్నాడు. అన్నమాటే. మా తాతయ్యకు ఈ వ్యవహారం మీద ఆసక్తి పుట్టింది ఆ క్షణంలోనే.

నంబరు దొరికితే సగం పని అయినట్టే. మొదటి యుద్ధంలో కెనడా సైన్యంలో చేరిన 6 లక్షల పైచిలుకు మంది వ్యక్తిగత ఫైళ్ళను, అట్ట నుంచి అట్టదాకా ఫోటోలు తీసి, లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా వారు ఎవరైనా చూసుకొనేలా పెట్టారు. 2018లో ఆ పని పూర్తయింది. దివిసీమలో ఒక పల్లెటూళ్ళో, కరెంటు పోయి వస్తున్న మధ్యాహ్నం, మా వసారాలో కూర్చొని నేను ఆ ఫైలు తెరిచాను. నూరేళ్ళు దాటిన కాగితం. సిరా గోధుమరంగుకి తిరిగింది. కింద ఆయన సంతకం. నిదానంగా, ఒక్కో అక్షరం విడిగా వ్రాసిన సంతకం.

వెనకవైపు డాక్టరు నింపిన గడులు. ఎత్తు అయిదడుగుల ఆరున్నర అంగుళాలు. కళ్ళు నీలం. జుట్టు గోధుమరంగు. ఎడమ చేతి బొటనవేలి మీద పాత గాయపు మచ్చ. ముందువైపు "వృత్తి" అన్న గడిలో ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట: నాగలి దున్నేవాడు.

మిత్రులారా, అక్కడ నేను కాసేపు ఆగిపోయాను. కోట లేదు, భూములు లేవు. పుట్టిన ఊరు అబర్డీన్‌షైర్‌లో ఒక పల్లె. స్కాట్లండు ఈశాన్యంలో ఉన్న ఆ సీమలో, అప్పట్లో పెళ్ళికాని కుర్రాళ్ళు పెద్ద రైతుల దగ్గర ఆరు నెలలకొకసారి కుదురుకొనేవారు. మే నెలలోనూ నవంబరులోనూ గడువు తీరేది. దానికి సంతలు జరిగేవి. రైతులు వచ్చి కుర్రాడి భుజాలు చూసి, మాట్లాడుకొని తీసుకుపోయేవారు. జీతంలో కొంత డబ్బు, కొంత ఓట్ల పిండి, పాలు. జత గుర్రాలతో నాగలి దున్నడం, వాటిని మేపడం, తోమడం పని. మన వైపు పాలేరుని ఏడాదికి ఇంతని మాట్లాడుకొని గింజలు కొలవడం లేదూ, అలాంటిదే. ఈయన పాలేరు. గుర్రాలు తెలిసినవాడు గనక సైన్యం వారు గుర్రాలే చేతికిచ్చారు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. ఆయన వలసపోకుండా స్కాట్లండులోనే ఉండి అక్కడే సైన్యంలో చేరి ఉంటే, ఈ ఫైలు నాకు దొరికేది కాదేమో. బ్రిటిషు సైన్యంలో మొదటి యుద్ధం చేసిన సామాన్య సైనికుల కాగితాలన్నీ లండనులో ఒక గిడ్డంగిలో పెట్టారు. 1940 సెప్టెంబరులో జర్మన్ల బాంబు పడి వాటిలో సగానికి పైగా తగలబడిపోయాయి. మిగిలినవాటిలో కూడా చాలావాటి అంచులు కాలి, నీళ్ళకు తడిసి ఉన్నాయట. ఊరు విడిచి వెళ్ళినవాడి కాగితం సముద్రం అవతల భద్రంగా మిగిలింది. ఊళ్ళో ఉన్నవాడిది కాలిపోయింది.

ఫైల్లో మిగతా కాగితాలు చదివేకొద్దీ ఇంటి కథ కరిగిపోతూ వచ్చింది. విమీ దాడి జరిగినప్పుడు ఆయన దళం అక్కడే ఉంది. అయితే ఆయన తుపాకీతో పరుగెత్తినట్టు లేదు. ఫిరంగులకు గుండ్లు మోసే గుర్రాల వెనక ఉన్నాడు. అదే సంవత్సరం అక్టోబరు, నవంబరుల్లో బెల్జియంలో పాషెండేల్ దగ్గర మోకాలి లోతు బురదలో బండి చక్రం తిరగకపోతే, గుండ్లను గుర్రాల వీపుల మీదికెక్కించి నడిపించారు. ఆ పోరులో కెనడా వాళ్ళు 15,000 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు. దళం రోజువారీ డైరీలో మనుషుల లెక్క పక్కనే గుర్రాల లెక్క కూడా వ్రాసి ఉంది.

జీతం పుస్తకం కూడా ఉంది. రోజుకు ఒక డాలరు పది సెంట్లు. అందులో నెలకు 15 డాలర్లు, అంటే దాదాపు సగం, స్కాట్లండులోని తల్లికి పంపమని వ్రాసిచ్చాడు. తల్లి ఇంటిపేరు వేరు, ఆయన ఇంటిపేరు వేరు. 1918 జనవరి నుంచి ఆ గడి ఖాళీ. డబ్బు పంపడం ఆగిపోయింది. ఎందుకాగింది? ఇంకో కాగితంలో 1917 డిసెంబరులో సెలవు మీద వెళ్ళి మూడు రోజులు ఆలస్యంగా వచ్చినందుకు జీతం కోసినట్టు వ్రాశారు. అదొక్కటే ఆయన మీద ఉన్న నేరం.

ల్యాబులో రెండు రీడింగులు ఒకేచోట తేడా చూపిస్తే మన మేష్టారు ఏమంటారు? మూడోది తీసి చూడమంటారు. స్కాట్లండులో 1855 నుంచి జననమరణాలు తప్పనిసరిగా రిజిస్టరు చేస్తున్నారు. పాత రిజిస్టర్ల ఫోటోలు కొద్దిపాటి రుసుముకి అక్కడి ప్రభుత్వమే చూపిస్తుంది. అక్క కార్డుతో డబ్బు కట్టాం. తల్లి మరణం దొరికింది. 1917 డిసెంబరు, ఈయన సెలవు ముగియడానికి ముందురోజు. మూడు రోజుల ఆలస్యం దేనికో కాగితం చెప్పదు. తేదీలు మాత్రం పక్కపక్కన ఉన్నాయి.

ఆ ఊపులోనే జననం కూడా తీశాం. 1893. తండ్రి పేరు ఉండవలసిన చోటు ఖాళీ. పిల్లవాడి పేరు కింద, పెళ్ళి కాకుండా పుట్టాడని తెలిపే మాట ఒకటి, చక్కని దస్తూరీలో. తల్లి వృత్తి పొలాల్లో పనిమనిషి. సంతకం రాక గీత గుర్తు పెట్టింది. తరువాతెప్పుడో ఇంకొక పాలేరుని పెళ్ళాడింది కాబోలు, ఇంటిపేరు మారింది అందుకే.

ఇప్పుడు చిక్కొచ్చి పడింది. కోట కోసం ఎదురుచూస్తున్న ఎనభై ఏళ్ళ మనిషికి ఇది ఎలా చెప్పడం? అక్క, "నాకు భయంరా, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అంది. ఆ రాత్రి వసారాలో ఇంట్లోవాళ్ళను అడిగాను.

"ఎందుకురా ఈ వయసులో ఆవిడకీ సంగతి? కోట దొరకలేదని చెప్పి ఊరుకో" అన్నాడు నాన్న.

తాతయ్య చుట్ట ఆర్పి, "అడిగింది ఆవిడ. వెతికింది నువ్వు. మధ్యలో తీసి దాచుకోవడానికి అదేమన్నా నీ సొత్తుట్రా?" అన్నాడు.

మర్నాడు పొద్దున, వాళ్ళకు రాత్రి, అక్క మామ్మగారి పక్కన కూర్చుంది. నా ఇంగ్లీషు ఆవిడకు, ఆవిడ యాస నాకు సరిగా అందవు. అక్క మధ్యలో ఉండి అందిస్తూ వచ్చింది. నేను గుర్రాలతో మొదలుపెట్టాను. తరువాత జీతం, సెలవు, తల్లి మరణం. చివర ఖాళీ గడి. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఫోను తెగిందేమో అనుకున్నాను.

"ఆ తల్లి పేరు మళ్ళీ చదువు" అంది. చదివాను. ఒక్కో అక్షరం చెప్పించుకొని, పెద్ద పెద్ద అక్షరాలతో కాగితం మీద వ్రాసుకుంది. "ఇన్నేళ్ళలో ఈమె పేరు మా ఇంట్లో ఎవరూ అనలేదు" అంది. కాసేపటికి నవ్వి, "కోట సంగతి మా నాన్న కూడా నమ్మలేదులే" అంది. మళ్ళీ ఉండి, తాతగారికి మనుషుల మీద కోపం వస్తే ఇల్లెగిరిపోయేదని, పక్క ఫారంలోని గుర్రాల్ని మాత్రం ఎన్నడూ గట్టిగా అదిలించి ఎరగడని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మారింది.

తరువాత అడిగింది: "మీ ఇంట్లో ఎవరూ యుద్ధానికి వెళ్ళలేదా అబ్బాయ్?"

"ఎందుకు వెళ్ళలేదూ, మా ముత్తాత వెళ్ళాడు. రెండో యుద్ధంలో. హిట్లరు మీద పోరాడాడు" అన్నాను గర్వంగా.

"పతకం ఉందా? అంచు మీద ఏం వ్రాసుందో చూడు" అంది.

పతకం ఉంది. ఆ మాటకొస్తే మా ముత్తాత సామానులో మిగిలింది అదొక్కటే. ఆయనకొక ట్రంకు పెట్టె ఉండేదట, మిలిటరీ వాళ్ళిచ్చిన కాగితాలన్నీ అందులోనే దాచేవాడట. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. వేలమంది కొట్టుకుపోయారు, ప్రభుత్వం లెక్కే పదివేలు. మా వాళ్ళు రైసుమిల్లు మేడెక్కి బ్రతికారు. మూడోనాడు నీళ్ళు తీశాక తాతయ్య వెతుక్కుంటూ పోతే, పెట్టె చేను గట్టున తుమ్మకంపలో ఇరుక్కొని ఉంది. మూత లేదు. కాగితాలు పిండిముద్దయిపోయాయి. అడుగున బురదలో ఈ బిళ్ళ. అప్పటినుంచి పట్టాదారు పాసుపుస్తకాల డబ్బాలో పడి ఉంది, నల్లగా, మూలలు మట్టి పట్టి. ముత్తాత ఆ తరువాత ఆరేళ్ళు బ్రతికాడు. నాకు తెలియదు గదా, తాతయ్య చెప్పిందే.

ఈ వేసవిలో దాన్ని బయటికి తీశాను. అమ్మ చింతపండు పెట్టి తోమింది. ఆరు మూలల నక్షత్రం, కంచు రంగు తేలింది. అంచు వెదికాను. వెనక్కి తిప్పాను. పేరు లేదు, నంబరు లేదు, ఏమీ లేదు. తరువాత తెలిసింది, రెండో యుద్ధంలో ఇచ్చిన ఈ నక్షత్రాల్లో చాలావాటి మీద పేర్లు గుద్దలేదని. ఎవరి దగ్గరున్నది వాళ్ళదే అనుకోవాలి. అయితే ముందువైపు, రాజుగారి గుర్తు చుట్టూ, ఇంగ్లీషు అక్షరాలు మాత్రం స్పష్టంగా వచ్చాయి: ది బర్మా స్టార్.

బర్మా! బర్మాలో హిట్లరు ఎక్కడున్నాడు? అక్కడ పోరు జపాను వాళ్ళతో. బర్మాలోనూ, అస్సాం వైపు సరిహద్దుల్లో కొన్నిచోట్లా పనిచేసినవారికి ఇచ్చిన నక్షత్రమది. ఆలోచిస్తే తిరకాసు అర్థమైంది. మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఆ యుద్ధాన్ని "హిట్లరు యుద్ధం" అంటారు. హిట్లరు యుద్ధానికి వెళ్ళినవాడు రెండు తరాలు తిరిగేసరికి హిట్లరు మీద యుద్ధానికి వెళ్ళినవాడైపోయాడు.

తాతయ్యతో చెప్పడానికి రెండు రోజులు వెనకాడాను. పరాయి ఇంటి కోటను ఒక్క పొద్దున్నే కూలగొట్టినవాణ్ణి, మా ఇంటి దగ్గరకు వచ్చేసరికి నోరు పెగల్లేదు. చివరికి చెప్పాను. తాతయ్య మొహం చిన్నబుచ్చుకొని, "ఎవడో వ్రాసిన దాన్ని పట్టుకొని మా నాన్న సంగతి నాకు చెబుతావా?" అని లేచి చేలోకి వెళ్ళిపోయాడు. కిందటేడు ఆయన చెప్పిన నీతి ఆయనకు గుర్తు చెయ్యాలనిపించింది. చెయ్యలేదు.

సాయంత్రం ఆయనే వచ్చి కూర్చున్నాడు. "ఏం కావాలో అడుగు" అన్నాడు. నోటుపుస్తకం తీశాను. ముత్తాత నోటి వెంట విన్న మాటలు ఏవైనా సరే, అర్థం లేకపోయినా సరే, చెప్పమన్నాను. చాలాసేపు ఆలోచించి రెండు మాటలు చెప్పాడు.

మొదటిది "పైనీరు కంపెనీ". ముత్తాత యుద్ధానికి వెళ్ళకముందు పైనీరు కంపెనీలో చేశాడని ఇంట్లో అనుకొనేవారట. కాలవ నీళ్ళు పైకి తోడే కంపెనీ ఏదో ఉండేదని తాతయ్య ఊహ. నేను ఆ మాటను రెండుమూడుసార్లు పైకి అన్నాను. పైనీరు, పైనీరు. పయొనీరు! భారత సైన్యంలో పయొనీరు కంపెనీలని ఉండేవి. రోడ్లు వెయ్యడం, బండలు కొట్టడం, సామాను ఎక్కించి దించడం వాళ్ళ పని. చేతిలో ముఖ్యంగా ఉండేవి పార, గునపం, తట్ట.

రెండోది "మణిపూర్ రోడ్డు". అదేదో బాట అనుకొని పటం మీద వెదికాను. తీరా చూస్తే అది రైలు స్టేషను పేరు. నాగా కొండల కింద దీమాపూర్ ఉంది గదా, ఆ స్టేషను పేరు అప్పట్లో మణిపూర్ రోడ్డు. అక్కడ రైలు దిగి కోహిమా మీదుగా ఇంఫాల్ వెళ్ళాలి, 200 కిలోమీటర్లకు పైన కొండదారి. 1944 మార్చి, ఏప్రిల్ నెలల్లో జపాను సైన్యం ఆ దారిని తెగ్గొట్టి ఇంఫాల్‌ను చుట్టుముట్టింది. జూన్ 22న 109వ మైలురాయి దగ్గర రెండువైపుల దళాలూ కలుసుకొని దారి మళ్ళీ తెరిచారు. అదంతా వానాకాలం. కొండచరియలు విరిగి దారి మీద పడుతుంటే తీసి, గండ్లు పూడ్చి, లారీలు ఆగకుండా చూడవలసింది పారలు పట్టిన చేతులే.

ఇదంతా చెప్పాక తాతయ్య అడిగిన మొదటి ప్రశ్న: "అయితే మా నాన్న తుపాకీ పట్టలేదా?"

"పట్టాడో లేదో తెలియదు తాతయ్యా. పార మాత్రం పట్టి ఉంటాడు" అన్నాను.

ఆయన చాలాసేపు చీకట్లోకి చూశాడు. తరువాత మెల్లగా, "అందుకేనేమోరా" అన్నాడు. ముత్తాతకు ఒక అలవాటుండేదట. చేలోకి వెళ్ళే డొంకలో వానకు గండి పడితే, ఎవరి చేను ముందైనా సరే, సొంత పని వదిలేసి ముందు ఆ గండి పూడ్చేవాడట. దారిలో రాయి కనపడితే తీసి గుంతలో వేసి కాలితో తొక్కి గాని ముందుకు కదిలేవాడు కాదట. బండ్లు అవతల ఆగి ఉంటే ఆయనకు కాలు నిలిచేది కాదట. ఊళ్ళో కుర్రాళ్ళు "రోడ్డు మిలిటరీ" అని వెక్కిరించేవారట. "నేను కూడా సిగ్గుపడి చచ్చేవాణ్ణి. ఆ పార తీసి అటకెక్కించానొకసారి" అన్నాడు తాతయ్య. ఆ తరువాత ఇంకేమీ అనలేదు.

1945 నాటికి భారత సైన్యంలో 25 లక్షల మంది ఉన్నారు. ఒక్కరినీ చట్టం పెట్టి బలవంతాన చేర్చుకోలేదు. చనిపోయినవారి పేర్లు వెతకవచ్చు. కోహిమా యుద్ధ శ్మశానంలో దహనం చేసిన హిందూ, సిక్కు సైనికులు 900 పైచిలుకు మంది పేర్లు స్మారకం మీద ఉన్నాయి. అక్కడ మా ముత్తాత పేరుండదు. బ్రతికి వచ్చాడు గనకనే నేనున్నాను. బ్రతికి వచ్చి నాగలి పట్టుకొన్నవాడికి దళం నంబరే ఆధారం, ఆ నంబరు ఉప్పెనలో పోయింది. పేరు, ఊరు, తండ్రి పేరు, ఆ రెండు మాటలు వ్రాసి సైన్యం వారి రికార్డు ఆఫీసుకు రిజిస్టరు ఉత్తరం వేశాం. తాతయ్య సంతకం పెట్టాడు. పోస్టుమాన్ వచ్చే వేళకు రోజూ అరుగు మీద కూర్చుంటున్నాడు.

సైన్సు విద్యార్థిగా ఒక మాట ఒప్పుకోవాలి. మా ముత్తాత విషయంలో నా దగ్గరున్నది ఋజువు కాదు. ఒక బిళ్ళ, రెండు మాటలు, ఒక అలవాటు. నాలుగూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి, అంతే. ఆ స్కాట్లండు పాలేరు కళ్ళ రంగు నాకు తెలుసు, బొటనవేలి మీది మచ్చ తెలుసు. సొంత ముత్తాత ఎత్తెంతో తెలియదు. ఇది తలచుకొంటే మొదట్లో కడుపు మండేది. ఇద్దరూ ఒకే రాజ్యానికి చాకిరీ చేసినవాళ్ళే గదా, ఒకరిని ఇంత వివరంగా వ్రాసిపెట్టి, ఇంకొకరి బిళ్ళ మీద పేరు కూడా వెయ్యకపోవడమేమిటని. ఇప్పుడు కోపం కొంత నా మీదికి మళ్ళింది. ఆయన ఆరు మైళ్ళ దూరంలో కాదు, మా ఇంట్లోనే ముప్ఫయి ఎనిమిదేళ్ళు ఆ వసారాలో కూర్చున్నాడు. నంబరు చెప్పు తాతా అని అడిగినవాడు లేడు. తాతయ్య అడగలేదు, నాన్న పసివాడు. నేను ఈ తాతయ్యను కూడా, ఒక పరాయి మామ్మగారు అడిగేదాకా అడగలేదు.

మామ్మగారు తన మనవలకు కాగితం ఇచ్చేసిందట. కోట లేదు, ముందు వరుస లేదు. "గుర్రాలు తోలాడు, తల్లికి డబ్బు పంపాడు, మూడు రోజులు ఆలస్యంగా వచ్చాడు" అని ఉందట. కింద ఆ తల్లి పేరు.

మేమూ ఒకటి వ్రాశాం. తాతయ్య చెబితే నేను వ్రాశాను. ముత్తాత పేరు, ఆయన తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తెలిసినది తెలిసినట్టు, ఊహించింది ఊహ అని విడిగా. అది మడిచి, బిళ్ళతో కలిపి ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఈసారి నీళ్ళు దూరని స్టీలు డబ్బాలో పెట్టాం. అటక మీద ఆ పార ఇంకా ఉంది. తాతయ్యే దింపించాడు. కర్ర పుచ్చిపోయింది గాని ఇనుము బాగానే ఉంది. మొన్న తొలకరికి డొంకలో గండి పడితే, కొత్త కర్ర వేయించి ఇద్దరం వెళ్ళి పూడ్చి వచ్చాం.

మిత్రులారా, సెలవులకు ఇళ్ళకు వెళ్తున్నారు గదా. అందరి ఇళ్ళలోనూ పతకాలుండవు. ముసలివాళ్ళుంటారు. అర్థం కాని మాట ఏదైనా వాళ్ళ నోటి వెంట వస్తే నవ్వి ఊరుకోకండి, వ్రాసుకోండి. ఎవరు చూడొచ్చారు, అదే పైనీరు కంపెనీ కావచ్చు.